కూలి పనికెళ్లేవాళ్లు అంత అన్నం తిన్నా లావెక్కరు, రోజూ గంట నడిచే నేనెందుకు తగ్గట్లేదు?

రెండు బతుకులూ చూసినవాణ్ణి కాబట్టి చెబుతాను.

ఇంటర్ నుంచి డిగ్రీ అయ్యేదాకా సెలవులొస్తే మా మావయ్య ముఠాతో శ్లాబ్ పనులకి వెళ్లేవాణ్ణి. శ్లాబ్ పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపడానికి ఉండదు. కింద కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతూనే ఉంటుంది, వరసలో నిలబడి కిందివాడి చేతిలోంచి తట్ట అందుకుని పైవాడికి అందించడమే. మధ్యాహ్నానికి భుజాలు మనవి కావు. మూడు గిన్నెల క్యారేజీలో అమ్మ రెండు గిన్నెలు అన్నమే సర్దేది. మెతుకు మిగిలేది కాదు. అప్పుడు నా బరువు 58 కిలోలు, వేసవంతా తిన్నా అంతే.

తర్వాత హైదరాబాద్‌లో కుర్చీ ఉద్యోగం. మూడేళ్లలో 74 అయ్యాను. కొత్తగా ఎక్కువ తిన్నదేమీ లేదు. పని తగ్గింది, ఆకలికి ఆ సంగతి తెలియలేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 65 కిలోల మగవాడికి కూర్చుని చేసే పనైతే రోజుకి 2110 కేలరీలు, బరువు పనైతే 3470. తేడా 1360. వండిన అన్నం వంద గ్రాములకి 130 వేసుకుంటే కిలో పైచిలుకు అన్నం. అంటే ఇంచుమించు అమ్మ పెట్టిన ఆ రెండు గిన్నెలు! మీ గంట నడకకి పోయేది 200, 250. దారిలో బజ్జీల బండి దగ్గర ఆగితే అదీ సరి.

ఇది నా ఒక్కడి గొడవే కాదు. పశ్చిమ బెంగాల్ జనపనార మిల్లు కార్మికుల మీద పోషకాహార శాస్త్రవేత్త జాన్ మేయర్ బృందం 1956లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: బరువు పని చేసేవాళ్లు పనికి తగ్గట్టు తిన్నారు, ఊరికే కూర్చునేవాళ్లు కూడా తక్కువేం తినలేదు, బరువు మాత్రం వాళ్లే ఎక్కువున్నారు.

అలాగని కూలివాళ్లంతా పని వల్లే సన్నగా ఉన్నారనుకోకండి. పిల్లలకి పెట్టాక మిగిలింది తినేవాళ్లూ ఉంటారు. ఇక మా మేస్త్రికి ఇంత బొజ్జ. ఆయన తట్ట ముట్టేవాడు కాదు, సాయంత్రం సీసా మాత్రం ముట్టేవాడు.

నేను నడక మానలేదు గానీ, రాత్రి అన్నం ఒక కప్పుకి తెచ్చాను. పప్పు, కూర పెంచాను. ఎనిమిది నెలల్లో 68కి వచ్చాను. ఊరెళ్తే మాత్రం అమ్మ ఇంకా ఆ క్యారేజీ లెక్కనే వడ్డిస్తుంది.