మెనూలు సర్దడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది కావలి. బస్టాండు దగ్గర జిరాక్స్, ఇంటర్నెట్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ప్రోగ్రామింగ్ వదిలేసి యూఎక్స్ డిజైన్ వైపు, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి సులువుగా ఉండేలా తీర్చిదిద్దే పని వైపు వెళతానంటోంది. బెంగళూరులో ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అవుతుందట. బ్రౌజర్‌లో మెనూలను తగ్గించి, సందర్భాన్నిబట్టి అవసరమైనవే చూపించడం మీద ప్రాజెక్టు చేస్తోంది. సెలవుల్లో షాపుకు వస్తే, వచ్చినవాళ్లను చూస్తూ నోటుబుక్కులో ఏదో రాసుకుంటుంది. బొమ్మలు సర్దడం ఉద్యోగమా అని కోప్పడ్డాను. సాఫ్ట్‌వేర్, డిజైన్ రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, ఒంగోలు నుంచి, గూడూరు నుంచి, ఆత్మకూరు నుంచి ఇదే ప్రశ్న నాకు ఎన్నోసార్లు వచ్చింది. కోర్సు పేరు ఒక్కటే మారుతుంది. పైకి జీతాల పోలిక అడుగుతారు. లోపల ఉన్నది వేరు. ఇన్నేళ్లు ఫీజులు కట్టిన చదువు చివరి మెట్టు మీద జారిపోతుందేమోనన్న భయం అది. అమ్మాయి ఏం చేస్తోందని చుట్టాలు అడిగితే ఒక్క మాటలో చెప్పుకోలేమన్న బెంగ కూడా అందులో ఉంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. తప్పుపట్టేది ఒక్కదాన్నే. మీరు ఆ నోటుబుక్కు తెరిచి చూడకుండానే కోప్పడ్డారు.

మీ షాపులో రోజూ జరిగేదే చూడండి. ఒక రొయ్యల రైతు ఫోనులో దరఖాస్తు తెరిచి ప్రింట్ కావాలంటాడు. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ మెనూ అంతా వెతికినా ప్రింట్ అనే మాట నేరుగా దొరకదు. మూడు చుక్కలు నొక్కి, 'షేర్' లోకి వెళితే అక్కడ ఉంటుంది. కాగితం మీద అచ్చు కావాలనుకునే మనిషికి 'పంచుకోవడం' అనే మాట ఎందుకు తడుతుంది? మీకు అలవాటైపోయింది కాబట్టి ఫోను తీసుకుని మీరే నొక్కేస్తారు. మీ అమ్మాయి అతని వేలు ఎక్కడ ఆగిందో చూస్తోంది. డిజైన్‌లో మొదటి పని అదే, అన్నిటికంటే కష్టమైన పనీ అదే. ఆమెకు దాన్ని ఎవరూ నేర్పలేదు, తనంతట తానే మొదలుపెట్టింది. అటువంటి పిల్లను 'బొమ్మలు' అన్నారు మీరు.

ఇక ఆ ప్రాజెక్టు విషయం. లింకు మీద రైట్ క్లిక్ చేస్తే కొత్త ట్యాబ్‌లో తెరవడం, ఫొటో మీద చేస్తే దాన్ని సేవ్ చేసుకోవడం, అక్షరాలను ఎంచుకుని చేస్తే కాపీ. ఈ మాత్రం బ్రౌజర్లు ఎప్పటినుంచో చేస్తున్నాయి. 2008లో క్రోమ్ వచ్చినప్పుడే పైన వరుసగా ఉండే మెనూలను తీసేసింది. 2011లో ఫైర్‌ఫాక్స్ 4 విండోస్‌లో వాటన్నిటినీ ఒక నారింజ రంగు బటన్ కిందికి చేర్చింది. తగ్గించడం ఎవరైనా చేస్తారు. ఏది తగ్గించాలో, ఏది కదిలించకూడదో తేల్చడంలోనే ఉంది చిక్కంతా. ఆఫీస్ 2000లో మైక్రోసాఫ్ట్ ఎక్కువగా వాడని ఆదేశాలను దాచి, మనిషి వాడకాన్నిబట్టి మారే మెనూలు పెట్టింది. నిన్న కనిపించిన మాట ఇవాళ కనిపించక జనం తికమకపడ్డారు. ఆఫీస్ 2007కు వచ్చేసరికి వర్డ్, ఎక్సెల్‌లలో ఆ మెనూలే పోయి, పైన బటన్లన్నీ పరిచి చూపే రిబ్బన్ అనే పట్టీ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ కూడా 2021లో 89వ విడుదలలో మెనూలను కుదించి సర్దింది. దానికి కాస్త ముందు రైట్ క్లిక్ మెనూలో 'బొమ్మ చూడు' అనే ఆదేశాన్ని 'కొత్త ట్యాబ్‌లో తెరువు' అని మార్చితే, ఆ ఒక్క మార్పుకే పాత వాడకందారులు నొచ్చుకున్నారు.

ఇంట్లో పోపుల పెట్టె చూడండి. నూనె కాగుతుంటే ఆవిడ చెయ్యి చూడకుండానే ఆవాల గిన్నెలోకి వెళుతుంది. ఇవాళ పప్పు కదా అని ఎవరైనా జీలకర్రను ఆ చోటికి మార్చారనుకోండి, వెతుక్కునేలోపు పోపు మాడుతుంది. సందర్భాన్నిబట్టి మారే మెనూలో ఉన్న ప్రమాదం అదే. మీ అమ్మాయి దీని గురించి ఏం ఆలోచించిందో అడగండి. జవాబు చెప్పగలిగితే ఆమె సరైన దారిలోనే ఉంది.

కోర్సు సంగతికి వస్తే, నాకు ఈ ఆరు నెలల యూఎక్స్ శిక్షణల మీద గట్టి అనుమానాలున్నాయి. అక్కడినుంచి వచ్చిన పిల్లలు తెచ్చే పోర్ట్‌ఫోలియోలు, అంటే తాము చేసిన పనుల నమూనాలు చూస్తుంటాను. ఒకరిది తీసి ఇంకొకరి పేరు పెట్టినా తేడా తెలియదు. అదే భోజనం తెప్పించుకునే యాప్, అవే రంగులు, ఊహించుకుని రాసిన అదే 'వినియోగదారు'. నిజమైన మనిషి ఎదుట కూర్చుని గంటసేపు చూసినవారు తక్కువ. ఎంపికలు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని 1952 నాటి హిక్ సూత్రాన్ని అప్పజెబుతారు. ఏ ఎంపిక తీసేశారు, ఎందుకు తీసేశారు అంటే నోరు పెగలదు. అందమైన తెరలను కృత్రిమ మేధ నిమిషాల్లో గీసి ఇస్తున్న రోజులివి. తెర గీయడం ఒక్కటే నేర్పే కోర్సుకు లక్షన్నర పోయడం నాకు మనసొప్పదు. తెరలు గీసే ఫిగ్మా లాంటి సాధనం ఉచిత ఖాతాతో ఇంట్లోనే వస్తుంది.

మీ అమ్మాయికీ ఒక మాట: ప్రోగ్రామింగ్ వదలకు తల్లీ. ఒక బృందంలో ప్రోగ్రామర్లు పదిమంది ఉంటే డిజైనర్లు ఒకరో ఇద్దరో ఉంటారు, కొత్తవారికి ఆ కుర్చీ దొరకడం కష్టం. తను గీసినదాన్ని తానే నడిపి చూపగలిగే మనిషికి రెండు తలుపులూ తెరిచి ఉంటాయి. బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములైన ఎక్స్‌టెన్షన్లలో రైట్ క్లిక్ మెనూకు మన ఆదేశాన్ని చేర్చే వీలుంది. లింకు మీదా, ఫొటో మీదా, ఎంచుకున్న అక్షరాల మీదా, ఎక్కడ కనిపించాలో కూడా మనమే చెప్పవచ్చు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టడానికి రుసుము లేదు, క్రోమ్‌కు ఒక్కసారి 5 డాలర్లు. ఫైర్‌ఫాక్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, కొత్తవారి కోసం గుర్తుపెట్టిన చిన్న చిన్న పనులూ ఉంటాయి. మౌస్ లేకుండా షిఫ్ట్, ఎఫ్10 మీటలతో ఆ మెనూ తెరుచుకుంటుందో లేదో, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతుందో లేదో కూడా చూసుకో.

బీటెక్ అయ్యాక కూడా మనసు ఇటే ఉంటే సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి, డిజైన్‌లో పీజీ అయిన ఎండిజైన్‌కు వెళ్లవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో కూడా డిజైన్ విభాగం ఉంది. ఆ దారిలో ఖర్చు పెట్టమంటే నేను వద్దనను.

పోల్చి చెప్పమన్నారు. మీ అమ్మాయి విషయంలో పోల్చాల్సినంత తేడా లేదండీ, రెండూ ఒకే పని. చుట్టాలు అడిగితే సాఫ్ట్‌వేర్ అనే చెప్పండి, అబద్ధం కాదు. సీటు ఆగదని కోర్సు వాళ్లు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారు. అడ్వాన్సు కట్టకండి. పరీక్షలు అయ్యాక ఆమె తయారుచేసినదాన్ని మీ షాపులో ఒక కంప్యూటర్‌లో పెట్టించండి. వచ్చినవాళ్లు ఎక్కడ ఆగుతున్నారో ఆమె రాసుకుంటుంది. ఆ సమయంలో మౌస్ మీరు అందుకోకండి.