సూరత్ మార్కెట్‌కు మొదటిసారి వెళ్తున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఈసారి నీ బట్టల షాపు సరుకుకి సూరత్ వెళ్తానన్నావు. వినగానే సంతోషం వేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు కాబట్టి రాసి పంపుతున్నాను. అన్నిటికంటే పెద్ద మాట ముందే చెప్పేస్తా: తీసుకెళ్లిన డబ్బంతా అక్కడ పెట్టేసి రాకు. మూడో వంతు మిగుల్చుకుని రా. హనుమకొండలో నా కళ్లముందు తెరిచి, నా కళ్లముందే మూసేసిన బొటిక్‌లు కొన్ని ఉన్నాయి. వాళ్లకి గిరాకీ లేక కాదు, కదలని సరుకులో డబ్బు ఇరుక్కుపోయి, కదిలే సరుకు మళ్లీ తెప్పించే దారి లేక మూసేశారు. ఏ డిజైన్ అమ్ముడుపోతుందో మొదటి రెండు వారాల్లో తెలిసిపోతుంది. అప్పుడు వాట్సాప్‌లో అదే డిజైన్ నంబర్ చెప్పి రిపీట్ వేయించుకోవడానికి చేతిలో డబ్బుండాలి. మొదటిసారి తెచ్చిన దాని మీదకంటే రిపీట్ మీదే నీకు నికరంగా మిగులుతుంది.

సూరత్ అంటే సింథటిక్ అని గుర్తుపెట్టుకో. జార్జెట్, షిఫాన్, క్రేప్, ఆర్గంజా, డోలా సిల్క్, ప్రింటెడ్ చీరలు, డ్రెస్ మెటీరియల్, రెడీమేడ్ కుర్తీలు, లెహంగాలు. వీటికైతే అక్కడికే వెళ్లాలి. కాటన్ కుర్తీలు, బ్లాక్ ప్రింట్ కావాలంటే జైపూర్. పట్టుకి, చేనేతకి సూరత్‌లో వెతక్కు. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, ధర్మవరం మనకు దగ్గరే, నేసేవాళ్ల దగ్గరికే వెళ్లొచ్చు.

ఇంకో సంగతి. సూరత్ ధర తక్కువే, కానీ అందరికీ గిట్టుబాటు కాదు. రైలు, గది, తిండి, ఆటోలు అన్నీ కలిపి పన్నెండు వేలు అయిందనుకో. మూడు వందల పీసులు తెస్తే ఒక్కో పీసు మీద 40 రూపాయలు పడుతుంది. అరవై పీసులే తెస్తే 200 పడుతుంది. ఆ అరవై పీసులకైతే హైదరాబాద్ మదీనా దగ్గరో, విజయవాడ వస్త్రలతలోనో కొనుక్కోవడమే మేలు. అక్కడ సెట్ (ఒకే డిజైన్‌లో అన్ని రంగులూ కలిపిన కట్ట) విడగొట్టి కూడా ఇస్తారు. కాబట్టి పండగ సరుకు, పెళ్లిళ్ల సరుకు కలిపి ఒకేసారి తెచ్చుకునేటప్పుడే ఈ ప్రయాణం పెట్టుకో.

బయలుదేరే ముందు ఒక రాత్రి కూర్చుని, పోయిన ఏడాది నీ బిల్లు పుస్తకాలు తిరగెయ్యి. ఏ రేంజ్‌లో ఎన్ని పోయాయి, ఏ సైజు ముందు అయిపోయింది, ఏ రంగు అడిగితే లేదని చెప్పి పంపాల్సి వచ్చింది. 800 నుంచి 1,500 లోపు చీరలే నీ దగ్గర ఎక్కువ పోతుంటే, అక్కడ మూడు వేల చీర ఎంత ముద్దొచ్చినా చేతులు కట్టుకుని కూర్చో. రేంజ్ వారీగా ఎన్ని పీసులు, ఎంత డబ్బు అని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. షాపువాడు తెల్లటి గద్దె మీద కూర్చోబెట్టి, చాయ్ చేతిలో పెట్టి, చీర మీద చీర విసిరి పరుస్తుంటే ఎంత గట్టి మనిషికైనా మనసు జారుతుంది. ఆ కాగితం చూసుకుంటేనే ఆగగలవు.

సెట్టు సంగతి బాగా విను, ఎందుకంటే కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అక్కడ విడి పీసు ఇవ్వరు. ఒక డిజైన్ తీసుకుంటే ఆరో ఎనిమిదో రంగుల సెట్టు మొత్తం తీసుకోవాలి. ఆ రంగులు మన వాళ్లని చూసి వేసినవి కావు, దేశమంతటికీ కలిపి వేసినవి. శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి, పసుపు కుంకాలకి నల్ల చీర ఎవరు తీసుకుంటారు? మట్టి రంగు, బూడిద రంగు కేటలాగ్‌లో ఎంత అందంగా కనిపించినా మన దగ్గర షెల్ఫ్‌లోనే ఉండిపోతాయి. రాణి పింక్, చిలకాకుపచ్చ, నెమలి పింఛం రంగు, కాంట్రాస్ట్ అంచు వచ్చిన పసుపు అయితే తెచ్చిన వారంలో వెళ్లిపోతాయి. అందుకని ప్రతి సెట్టుకీ ఒక లెక్క వెయ్యి. ఆరు చీరల సెట్టు, ఖర్చులన్నీ కలిపి చీర 650 పడిందనుకో, మొత్తం 3,900. అందులో రెండు రంగులు ఆషాఢం డిస్కౌంట్ దాకా కదలవని ముందే రాసేసుకో. మిగతా నాలుగూ వెయ్యి చొప్పున అమ్మితే 4,000 వస్తుంది, పెట్టుబడి తిరిగొచ్చినట్టే. ఆ రెండూ ఎంతకు పోతే అంత లాభం. నాలుగు పీసులతో పెట్టుబడి రాదనిపిస్తే ఆ సెట్టు వదిలెయ్, ఎంత బాగున్నా సరే. "నలుపు తీసేసి రాణి రెండు పెట్టు భయ్యా" అని అడిగి చూడు. కేటలాగ్ సరుకులో, అంటే ఫోటోల పుస్తకం వేసి రంగులు ముందే ఖరారు చేసిన సెట్లలో, ఒప్పుకోరు గానీ, కేటలాగ్ కాని సరుకులో కొందరు ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడకు.

కుర్తీలకైతే సైజు సెట్టు. ఎం, ఎల్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ అని నాలుగు వస్తాయి. నీకు ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ ముందు అయిపోయి, ఎం మిగిలిపోతుందని నాకు తెలుసు. ఎల్ నుంచి త్రిబుల్ ఎక్సెల్ దాకా ఉన్న సెట్టు ఉందా అని అడుగు. లేబుల్‌ని నమ్మి తీసుకోకు. ఎల్ అంటే ఛాతీ 40, ఎక్సెల్ 42, డబుల్ ఎక్సెల్ 44 అంగుళాలు రావాలి. టేపు నీ బ్యాగ్‌లోనే ఉండాలి, వాడి ముందే కొలువు. తర్వాత కుర్తీని తిరగేసి చూడు. పక్క కుట్టు దగ్గర లోపల కనీసం అంగుళం బట్ట వదిలాడా? లేకపోతే కస్టమర్ విప్పించుకోవడానికి ఉండదు, గొడవ నీ కౌంటర్ దగ్గర అవుతుంది. ఓవర్‌లాక్ (బట్ట అంచు పీచులు రాకుండా వేసే కుట్టు) దారం లాగితే ఊడొస్తుందా? చంక కింద కుట్టు రెండు చేతులతో లాగితే నిలుస్తుందా? జిప్ నాలుగుసార్లు కిందికీ పైకీ జరుపు.

చీరల్లో మొదట చూడాల్సింది పొడవు. అయిదున్నర మీటర్ల చీర, దానికి 80 సెంటీమీటర్ల జాకెట్ ముక్క, మొత్తం 6.3 మీటర్లు రావాలి. రేటు తగ్గించడానికి కొందరు చీరలోంచే పావు మీటరు కోసేస్తారు. లావుగా ఉన్న మనిషి కట్టుకుంటే కుచ్చిళ్లు నాలుగు కూడా రావు, పైట పొట్టిగా వేలాడుతుంది. ఆవిడ మళ్లీ నీ షాపు మెట్లెక్కదు. జార్జెట్ అయితే ఎన్ని గ్రాములదని అడుగు. అరవై గ్రాముల జార్జెట్‌కీ, దానికంటే పల్చని దానికీ తేడా చేతికి తెలుస్తుంది. చీర నాలుగు మడతలు విప్పి భుజం మీద వేసుకుని జారుడు చూడు. తెల్ల కర్చీఫ్ తడిపి ముదురు రంగు మీద గట్టిగా రుద్దు, కర్చీఫ్‌కి రంగంటితే ఆ డిజైన్ గురించి ఇంకేమీ మాట్లాడక్కర్లేదు. షాపుల్లో లైట్ల కింద ప్రతి రంగూ మెరుస్తుంది, కాబట్టి ఖరారు చేసే ముందు ఒక్కో రంగునీ బయట వరండాలోకి తెచ్చి పగటి వెలుతురులో చూడు. ఇదంతా చేస్తుంటే సేల్స్‌మన్ విసుక్కుంటాడు. విసుక్కోనీ.

డిజైన్ నచ్చాక, అది ఆన్‌లైన్ యాప్‌లలో ఎంతకు అమ్ముతున్నారో ఫోన్‌లో వెతుకు. అక్కడ అమ్మేవాళ్లలో చాలామంది సూరత్ వాళ్లే. నువ్వు 1,100 చెప్పే చీర కస్టమర్ ఫోన్‌లో 650కి కనిపిస్తే నీ నోటి మాట మీద నమ్మకం పోతుంది. షాపులో ఫోటోలు మాత్రం అడగకుండా తియ్యకు. పక్కవాడు కాపీ కొడతాడని వాళ్ల భయం, అది న్యాయమైన భయమే.

అమ్మలూ, ఒక విషయంలో నా మాట తప్పకుండా విను. సూరత్‌లో ఇక్కత్ డిజైన్ ప్రింట్ చీరలు కుప్పలుగా ఉంటాయి. పోచంపల్లి అని, కలంకారీ అని పేర్లు పెట్టి చూపిస్తారు. ప్రింట్ చీరగా అమ్ముకో, తప్పు లేదు, తక్కువ ధరలో కట్టుకోవాలనుకునే వాళ్లుంటారు. కానీ పోచంపల్లి అని చెప్పి మాత్రం అమ్మకు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారాన్ని ముందే కట్టి, రంగు వేసి, లెక్క తప్పకుండా నేస్తే గానీ ఆ డిజైన్ రాదు. చీర తిప్పి చూస్తే అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ప్రింట్ వెనక వైపు వెలిసినట్టు కనిపిస్తుంది. నీ షాపులో పనిచేసే అమ్మాయిలకి కూడా ఈ తేడా నేర్పించు, బిల్లు మీద "ఇక్కత్ ప్రింట్" అనే రాయించు. మన జిల్లాల నుంచి ఎంతమంది నేత కుటుంబాలు మగ్గం సాగక సూరత్ పవర్‌లూమ్‌లకి వలస వెళ్లాయో నీకు తెలియంది కాదు. లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది, అక్కడి మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. ఇంకా ఇక్కడ మగ్గం పట్టుకుని ఉన్నవాళ్ల పేరు ప్రింట్ బట్టకి పెట్టి అమ్మడం నాకు సహించదు.

ఇక మార్కెట్. స్టేషన్‌కి దగ్గర్లోనే రింగ్ రోడ్డు, దాని పొడవునా మార్కెట్లే. మిలీనియం, రాధాకృష్ణ, సూరత్ టెక్స్‌టైల్ మార్కెట్, గుడ్‌లక్, అవతల బాంబే మార్కెట్. ఒక్కో దాంట్లో వందల షాపులు. మొదటి రోజు రూపాయి ఖర్చు పెట్టకు. తిరుగు, చూడు, నోట్ చేసుకో. విజిటింగ్ కార్డు పిన్ చేసి, పక్కనే డిజైన్ నంబర్, రేటు, సెట్టుకి ఎన్ని, ఏ అంతస్తు అని రాసుకో. రాత్రి గదిలో కూర్చుని వాటిలో సగం కొట్టేసి, మర్నాడు మిగతా వాటికే వెళ్లు. రేటు నోటితో చెప్తే వినేసి ఊరుకోకు, కాలిక్యులేటర్‌లో కొట్టించు. సవా చార్ సౌ అంటే 425, పౌనే పాంచ్ సౌ అంటే 475. హడావుడిలో యాభై రూపాయల తేడా పట్టలేం. ఏజెంట్లు తగులుకుంటారు. వాళ్ల కమీషన్ షాపువాడు ఇస్తాడు కాబట్టి, తమకు లావాదేవీ ఉన్న షాపులకే తీసుకెళ్తారు. మొదటిసారి నువ్వే తిరుగు, మార్కెట్ నీకు తెలిశాక మంచి ఏజెంట్ ఉంటే రిపీట్‌లకి, రిటర్న్‌లకి పనికొస్తాడు. షాపు పేరుతో గుమాస్తాలిచ్చే పర్సనల్ నంబర్లకి డబ్బు పంపకు. బిల్లు మీద ఉన్న పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటే అయితేనే పంపు.

బిల్లు లేకుండా తీసుకో, టాక్స్ మిగులుతుంది అంటారు. ఒద్దు. దారిలో పార్సిల్ పట్టుకుంటే విడిపించుకోలేవు, డ్యామేజీ వస్తే అడగడానికి ఆధారం ఉండదు. చీరలకి, డ్రెస్ మెటీరియల్‌కి జీఎస్‌టీ అయిదు శాతం. రెడీమేడ్‌కి 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు 2,500 దాకా అయిదు శాతం, దాటితే పద్దెనిమిది. పెళ్లి లెహంగాలు కొనేటప్పుడు ఈ గీత గుర్తుంచుకో. నీది కాంపొజిషన్ స్కీమ్ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం కట్టేసే పద్ధతి) కాబట్టి కట్టిన టాక్స్ వెనక్కి రాదు, దాన్ని కూడా చీర ఖరీదులో కలిపే ధర కట్టు. ఒకసారి పంపే సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (రవాణా కోసం ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి, షాపువాడే తీస్తాడు, నువ్వు కాపీ అడిగి తీసుకో. ఒకే షాపుకి ఒక రోజులో పదివేలు దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్ టాక్స్‌లో ఆ ఖర్చు చెల్లదు, అందుకని బ్యాంకు ద్వారానే కట్టు.

ఎప్పుడు వెళ్లాలో చెప్తాను. శ్రావణం సరుకు జ్యేష్ఠంలో కొను. బతుకమ్మ, దసరా సరుకు వినాయక చవితి నాటికి నీ షెల్ఫుల్లో ఉండాలి. కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్ల సరుకు దీపావళి తర్వాత చూసుకుందాంలే అనుకోకు. దీపావళికి మూసిన సూరత్ లాభ పంచమికి (కార్తీక శుద్ధ పంచమి) గానీ తెరవదు. తెరిచినా, ఊళ్లకు వెళ్లిన మిల్లు కార్మికులు తిరిగొచ్చి కొత్త సరుకు దిగేసరికి ఇంకా ఆలస్యం. అప్పటికి నీ పెళ్లికూతుళ్లు వేరే షాపులో కొనేసుకుంటారు.

వరంగల్ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సూరత్‌లో దిగుతావు. ఆదివారం మార్కెట్ ఉండదు, సోమవారం పొద్దుటికి అక్కడ ఉండేలా చూసుకో. గది రింగ్ రోడ్డుకి దగ్గర్లో తీసుకో. మెత్తటి చెప్పులు వేసుకో. షాపులు పది దాటాకే తీస్తారు, ఈలోగా లోచో అనే అక్కడి టిఫిన్ వేడివేడిగా తిను, చాలా బాగుంటుంది.

సరుకు ట్రాన్స్‌పోర్ట్‌లో వేశాక బిల్టీ (ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే రసీదు) ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకో. కిరాయి వాళ్లు కట్టారా, ఇక్కడ నువ్వు కట్టాలా అన్నది కూడా అక్కడే తేల్చుకో. ఇక్కడ గోదాములో డెలివరీ తీసుకునేటప్పుడు బేలు చిరిగినా తడిసినా సంతకం పెట్టే ముందే కాగితం మీద రాయించు. కట్టు తెంపే దగ్గర నుంచి వీడియో తియ్యి, బిల్లు పక్కన పెట్టుకుని పీసు పీసు లెక్కపెట్టు. ప్రతి చీరా పూర్తిగా విప్పించు, మిషన్ ఎంబ్రాయిడరీ దారం తెగింది, ప్రింట్ మీద మరక పడింది మడతల లోపలే ఉంటాయి. ఏదైనా తేడా ఉంటే అదే రోజు ఆ వీడియో షాపుకి పంపు, ఆలస్యమైతే నీ దగ్గరే పాడైందంటారు. ఏమాత్రం తేల్చుకోలేకపోయినా రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ