శ్రీకాకుళం నుంచి విజయవాడకు కారులో: విశాఖ ఊళ్లోంచి వెళ్లాలా, బైపాస్ పట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మానాన్నలను తీసుకుని ఉదయం ఆరింటికి శ్రీకాకుళంలో బయలుదేరి విజయవాడ వెళ్లాలి. ఫోన్‌లో మ్యాప్ ఒకసారి విశాఖ ఊళ్లోంచి దారి చూపిస్తోంది, ఇంకోసారి విశాఖకు ముందే వచ్చే ఆనందపురం దగ్గర బైపాస్ ఎక్కమంటోంది. నాన్నగారికి షుగర్, వేళకు టిఫిన్ పడాలి. దేన్ని నమ్మాలి?

ఊళ్లో పని లేకపోతే బైపాసే పట్టండి. ఊళ్లోంచి వెళ్తే పది నిమిషాలు తక్కువని మ్యాప్ చూపించినా సరే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్నకూ షుగరే. రెండేళ్ల కిందట ఆయన్ని విజయవాడలో డాక్టరుకు చూపించడానికి సరిగ్గా మీరు అనుకున్న వేళకే బయలుదేరాం. ఇంటి దగ్గర చూస్తే ఊళ్లో దారంతా ఖాళీగా కనిపించింది. ఆనందపురం చేరేసరికి ఏడున్నర. మళ్లీ చూడకుండా మధురవాడ వైపు నేరుగా వెళ్లిపోయాను. హనుమంతవాక దగ్గరికి వచ్చేసరికి స్కూలు బస్సులు, మద్దిలపాలెంలో ఆఫీసులకు వెళ్లేవాళ్లు. ఎన్ఏడీ కూడలి ఫ్లైఓవర్ మీద బాగానే నడిచింది కానీ, దిగాక గాజువాక దాకా లారీల వెనకే. నాన్నకు చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. బండి పక్కకు తీద్దామంటే అటు ఆటోలు, ఇటు కంటైనర్ లారీ. డాష్‌బోర్డులో ఉన్న బిస్కెట్లు పెట్టి ఎలాగో గట్టెక్కాం. ఆ ఇరవై నిమిషాలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆరింటికి చూసిన ట్రాఫిక్‌ను తొమ్మిదింటికి కూడా అలాగే ఉంటుందని అనుకున్నాను. శ్రీకాకుళం నుంచి ఆనందపురానికే గంటన్నర పడుతుంది, గాజువాకకు ఇంకో గంట పైనే. కాబట్టి మీరు బయలుదేరే వేళ కాదు, మద్దిలపాలెంలో, గాజువాకలో ఉండే వేళ చూసుకోవాలి. నాతవలస టోల్ దాటాక పక్కన కూర్చున్నవాళ్ల చేత మ్యాప్ ఇంకోసారి తెరిపించండి. అక్కడి నుంచి ఆనందపురం దగ్గరే కాబట్టి అప్పుడు చూపించేది కొంచెం నమ్మొచ్చు.

ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి వెళ్లే బైపాస్ ఆరు వరుసల రోడ్డు, సుమారు 51 కిలోమీటర్లు. సింహాచలం కొండల వెనక నుంచి తిరిగి అనకాపల్లి దగ్గర పాత హైవేలో కలుస్తుంది. ఊళ్లోంచి వెళ్లినా దూరం ఏమీ కలిసిరాదు. నాకు ముఖ్యంగా నచ్చేది ఏంటంటే, బైపాస్ మీద ఏ వేళకు ఎక్కడ ఉంటామో ముందే చెప్పొచ్చు. పెద్దవాళ్లు బండిలో ఉన్నప్పుడు దానికి మించింది లేదు. కానీ రోడ్డు ఖాళీగా ఉందని వేగం పెంచకండి. ఊళ్ల దగ్గర ఎదురుగా బైకులు వస్తాయి, పశువులు అడ్డం వస్తాయి, రాత్రిపూట పక్కన ఆపిన లారీలు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

ఊళ్లో పనుంటే మాత్రం లెక్క వేరు. ఆరిలోవ హెల్త్ సిటీలోని ఆసుపత్రులకో, విమ్స్ ప్రభుత్వ ఆసుపత్రికో అయితే పాత హైవే మీద హనుమంతవాక దాకా నేరుగా వెళ్లిపోవడమే, బైపాస్ ఎక్కితే చుట్టు తిరుగుడు. ఇంకో మాట, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. పౌర్ణమి ముందురోజు, పౌర్ణమి రోజు హనుమంతవాక, గోపాలపట్నం వైపు కారు తీసుకెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు.

పొరపాటున ఆనందపురం దాటేస్తే కంగారు పడక్కర్లేదు. హనుమంతవాకలో కుడివైపు తిరిగితే ఆరిలోవ, అడవివరం, సింహాచలం మీదుగా బీఆర్టీఎస్ రోడ్డు (బస్సులకు విడిగా వరుసలు వేసిన రోడ్డు) పెందుర్తికి వెళ్తుంది. అదీ తప్పితే ఎన్ఏడీ దగ్గర గోపాలపట్నం వైపు తిరిగి పెందుర్తి చేరొచ్చు. రెండూ ఊరి రోడ్లే, మెల్లగా వెళ్లాలి, కానీ గాజువాక తప్పుతుంది.

విజయనగరం నుంచి వచ్చేవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. మా అప్ప వాళ్లది అక్కడే. కొత్తవలస మీదుగా పెందుర్తికి వెళ్తే దగ్గరని బావ అంటారు. పగలైతే నేనూ కాదనను. చీకటి పడ్డాక మాత్రం ఆ రోడ్డులో పెద్దవాళ్లను తీసుకెళ్లను. చింతలవలస మీదుగా ఆనందపురం వచ్చి అక్కడే బైపాస్ ఎక్కుతాను.

తిరుగు ప్రయాణంలో అనకాపల్లికి సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది మధ్య చేరేలా ఉంటే ఊళ్లో దారి వైపు చూడనే వద్దు.

టిఫిన్ సంగతి అడిగారు కదా. రణస్థలం, పైడిభీమవరం దగ్గర కంపెనీ బస్సుల వల్ల కాస్త ఆలస్యం కావచ్చు, అయినా ఏడుంబావుకల్లా తగరపువలసలో ఉంటారు. నాన్నగారికి అక్కడే తినిపించి, మాత్ర వేసేయండి. బైపాస్ మీద మనకు కావలసిన చోట హోటల్ దొరుకుతుందని అనుకోవద్దు. డీజిల్, పెట్రోల్ శ్రీకాకుళంలోనే నింపుకోండి. ఒక అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్ వెనక డిక్కీలో కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి.