హచిమన్‌లా ఉంటే తప్పా?

ప్రశ్న: అక్కా, ‘ఒరెగైరు’ అనే జపాన్ యానిమే (కార్టూన్ సీరియల్) చూస్తున్నా. అందులో హీరో, స్కూలు కుర్రాడు హచిమన్‌లాగే నాకూ స్నేహాలు దండగ అనిపిస్తుంది. తప్పా?
– ఇంటర్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: తప్పేం లేదు తమ్ముడూ. నల్లగొండలో ఇంటర్ చదివేటప్పుడు నేనూ క్లాక్ టవర్ దగ్గర ఒక్కదాన్నే మిర్చిబజ్జీ తింటూ, గుంపుగా నవ్వేవాళ్లను చూసి మూతి తిప్పుకునేదాన్ని. ఒట్టి కుళ్లు, ఇంకేం లేదు! హచిమన్ కూడా యవ్వనమంతా అబద్ధమని వ్యాసం రాస్తాడు. హిరత్సుక టీచర్ ఊరుకుంటుందా? యుకినో అనే అమ్మాయి ఒక్కతే ఉన్న స్కూలు సేవా క్లబ్బులో అతన్ని పడేస్తుంది. తర్వాత యుయి అనే ఇంకో అమ్మాయి వచ్చి చేరుతుంది. 2015లో వచ్చిన రెండో సీజన్‌లో వాళ్లిద్దరి ముందే, తనకు నిజమైనదేదో కావాలని ఏడుస్తాడు. నువ్వు అందాకా చూసినట్టు లేదు. చూసి మళ్లీ రాయి.