కంటైనర్‌లో కారు పెట్టొచ్చా?

ప్రశ్న: ఇంటి పక్క జాగాలో 20 అడుగుల పాత కంటైనర్ వేయించి, మా స్విఫ్ట్‌ను అందులో ఉంచాలనుకుంటున్నాను. పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: పొడవుకు ఇబ్బంది లేదండీ, వెడల్పుతోనే పేచీ. బయట 8 అడుగులున్నా లోపల దక్కేది దాదాపు 2.35 మీటర్లే. స్విఫ్ట్ వెడల్పు, అద్దాలు కాకుండానే, 1.735 మీటర్లు. మధ్యలో ఆపితే అటూ ఇటూ 30 సెంటీమీటర్లు మిగులుతాయి, దిగడం కష్టం. గాజువాకలో మా అన్నయ్య కంటైనర్‌లో ఎడమ గోడ పక్కన నేలమీద చెక్క దిమ్మె బిగించాం. టైరు దాన్ని ఆనుకుని వెళ్తే డ్రైవర్ వైపు అర మీటరు దొరుకుతోంది.

నాకు అసలు బెంగ చెమ్మ గురించి. లోపలి తేమ గాలి రాత్రి చల్లబడ్డ పైరేకుకు తగిలి చుక్కలుగా కారుతుంది. వానలో తడిసిన కారు పెట్టి తలుపులు మూస్తే మరీ ఎక్కువ. పైగా మీది ఉప్పుగాలి, బ్రేకు డిస్కులు తుప్పు పట్టేస్తాయి. ఒక చివర కింద, రెండో చివర పైన గాలి కన్నాలు పెట్టించి జాలీ బిగించండి. పక్క గోడను మాత్రం పెద్దగా కోయించకండి, ఆ మడతల రేకులోనే బలముంది. నాలుగు మూలల కింద కాంక్రీటు దిమ్మెలు, తలుపు ముందు ర్యాంపు తప్పనిసరి.

లోపల ఇంజిన్ ఆన్‌లో ఉంచి క్షణం కూడా కూర్చోకండి, దయచేసి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.