44 మాగ్నమ్‌కి బ్యారెల్ ఎంత పొడుగుండాలి అంటే, నా పులిహోర తిన్న ఎలుగుబంటిని అడగండి

అడిగిన తమ్ముడు అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఉంటాడంట, గ్రీన్ కార్డు వచ్చిందంట, ఎండాకాలం కొండలెక్కడానికీ ఏటిలో చేపలు పట్టడానికీ పోతా ఉంటాడంట. ఎలుగుబంట్ల భయానికి 44 మాగ్నమ్ రివాల్వర్ కొనాలనుకుంటున్నా, బ్యారెల్ అంటే గొట్టం 4 ఇంచులదా, 6 ఇంచులదా, 8 ఇంచుల పైదా అని ప్రశ్న. షాపతను పొడుగుదే తీసుకోమన్నాడంట. అంటాడులే, పొడుగుది రేటు ఎక్కువ గదా.

4 తీసుకో. ఇందులో చర్చే లేదు. ఎందుకంటే నేను 7.5 ఇంచులది కొని సిగ్గు పోగొట్టుకున్నోడిని.

దానికన్నా ముందు ఒక మాట. నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సరిపోయింది, ఇది చదివి హెచ్1బీ మీద ఉన్న పిలకాయలు షాపుకి పరిగెత్తబాకండి. వీసా మీద ఉన్నోళ్లు ఆడ గన్ కొనడమే కాదు దగ్గర పెట్టుకున్నా నేరమే, హంటింగ్ లైసెన్స్ ఉంటే లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా లాయర్ని అడిగి తెలుసుకోండి, రూమ్మేట్‌ని కాదు.

మాది కందుకూరు పక్కన పల్లె. ప్రకాశమా నెల్లూరా అని అడగబాకండి, పుట్టింది ప్రకాశంలో, 2022లో మమ్మల్ని తీసుకెళ్లి నెల్లూరులో కలిపారు, ఆధార్‌లో ఒకటీ పాస్‌పోర్ట్‌లో ఒకటీ ఉండి నేను పడ్డ తిప్పలు వేరే కథ. అలాస్కాలో యాంకరేజ్‌లో ఏడేళ్లు ఉద్యోగం చేశా. చేపల పులుసు తిని పెరిగినోడికి ఆ ఊరు స్వర్గం బ్బా, చలి ఒక్కటి తప్ప. జూన్ వస్తే రాత్రి పదకొండుకి కూడా వెల్తురే. సముద్రంలోంచి రెడ్ సాల్మన్ అనే చేప ఏటికి ఎదురెక్కుతా వస్తది, కీనై నదిలో కలిసే రష్యన్ రివర్ అని ఒకటుంది, కూపర్ లాండింగ్ అనే ఊరి దగ్గర, యాంకరేజ్ నుంచి కార్లో రెండు గంటల పైనే. ఆ వారాల్లో జనం మన పెన్న ఒడ్డున కార్తీక మాసం స్నానాలకి నిలబడ్డట్టు భుజం భుజం రాసుకుంటా నిలబడి చేపలు పడతారు. జనం ఎక్కడుంటే చేప పేగులు అక్కడ, పేగులు ఎక్కడుంటే ఎలుగుబంట్లు అక్కడ.

నాకు గన్ కొనాలనిపించినప్పుడు మా ఆఫీసులో ఒక పెద్దాయన, పుట్టింది పెరిగింది అలాస్కాలోనే, 4 ఇంచులది తీసుకో అని ఒకే మాట చెప్పాడు. నేను వింటానా. మన బుద్ధి తెలిసిందే గదా, టీవీ కొన్నా పెద్దదే, ఇల్లు కట్టినా మూడంతస్తులే. రూగర్ సూపర్ రెడ్‌హాక్ 7.5 ఇంచులది కొన్నా. కిలోన్నర. చేతిలో పట్టుకుంటే ఆహా అనిపించింది. నడుముకి కట్టుకుంటే అమ్మో అనిపించింది, రోకలి కట్టుకున్నట్టే. కార్లో కూర్చుంటే గొట్టం సీట్లోకి పొడుచుకుని పిడి పక్కటెముకల్లోకి వస్తది. బయటికి లాగాలంటే చెయ్యి చంక దాకా లేపాలి, అప్పటికి కూడా కొస ఇంకా గన్ దోపుకునే హోల్‌స్టర్లోనే ఉంటది.

ఆ రోజు ఆ పెద్దాయనతో కలిసి పోయి రష్యన్ రివర్లో తొడల్లోతు నీళ్లల్లో దిగా. నీళ్లకి వేసుకునే రబ్బరు ప్యాంటు, దాని మీద బెల్టు, బెల్టుకి ఈ రోకలి. వంగినప్పుడల్లా గొట్టం కొస నీళ్లల్లో మునుగుతా ఉంది. ఒక గంట ఓర్చుకున్నా. ఇంక నా వల్ల కాక గట్టెక్కి, గన్ తీసి బ్యాగులో పెట్టి, బ్యాగుని రాయి మీద పెట్టి మళ్లీ నీళ్లల్లోకి పోయా. అది తప్పే, లోడ్ చేసిన గన్ని అలా వదిలేయకూడదు, తర్వాత ఆ పెద్దాయన పెట్టిన చీవాట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఇంకో సంగతి, ఆ బ్యాగులోనే మా ఆవిడ పొద్దున్నే లేచి కలిపిన పులిహోర డబ్బా కూడా ఉంది. ఇంగువ ఘాటు.

రెండో చేప పడింది, దాన్ని లాగుతా ఉన్నా. వెనకాల ఎవరో హే బేర్ హే బేర్ అని అరుస్తున్నారు. తిరిగి చూస్తే పొదల్లోంచి ఎలుగుబంటి, బ్రౌన్ బేర్, మన నెల్లూరు అడవుల్లో ఉండే నల్లది దీని పక్కన మేకపిల్ల. పరిగెత్తుకుంటా రాలేదు, పెళ్లి భోజనానికి వచ్చినట్టు నిదానంగా వచ్చి తిన్నగా నా బ్యాగు దగ్గరికే పోయింది. పళ్లతో పట్టి విదిలించింది, డబ్బా బయట పడింది, మూత ఊడింది. అర్థమవుతా ఉందా సీను? నా గన్ ఎలుగుబంటి దగ్గరుంది, నేను నీళ్లల్లో ఒట్టి చేతులతో, ఒట్టి అంటే ఒక చేతిలో కొట్టుకుంటున్న చేప. ఇరవై అడుగులు ఉంటదేమో మా మధ్య. భయంలో నాకు ఇరవయ్యే కనపడింది, ఎక్కువే ఉండొచ్చు.

పెద్దాయన నా పక్కన నిలబడి చేప వదిలెయ్ అన్నాడు, వదిలేశా. ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు, ఆయన 4 ఇంచులది ఛాతీ మీద హోల్‌స్టర్లో ఉంటది, నీళ్లు తగలవు, కూర్చున్నా లేచినా అడ్డం రాదు. బయటికి కూడా తీయలేదు, చెయ్యి మాత్రం దాని మీదే ఉంది. ఇద్దరం మెల్లగా ఏటి వాలుకి అడుగులేసుకుంటా పోయాం. ఎలుగుబంటి పులిహోర ఊడ్చేసి, పల్లీలతో సహా, బ్యాగుని ఒకసారి తొక్కి పొదల్లోకి పోయింది. ఎవరూ ఒక్క గుండు కాల్చలేదు. చచ్చేదాకా మర్చిపోను.

ఇప్పుడు లెక్కలు కావాలంటారు గదా, చెప్తా. రివాల్వర్లో బ్యారెల్ కొలత అంటే గుండ్లు పెట్టే సిలిండర్ ముందు నుంచి గొట్టం కొస దాకానే, పిస్టల్లో అయితే గుండు కూర్చునే గది కూడా ఆ కొలతలో కలుస్తది. కాబట్టి 4 ఇంచుల రివాల్వర్ అంటే మొత్తం సైజు మీరనుకున్నంత చిన్నదేం కాదు. గొట్టం పొడుగైతే తూటాలో మందు కాలడానికి దారి ఎక్కువ, గుండు వేగం పెరుగుతది, నిజమే. పెద్దాయన దగ్గర వేగం కొలిచే మిషన్ ఉంటే 240 గ్రెయిన్, అంటే పదిహేనున్నర గ్రాముల గుండ్లు కాల్చి చూశాం, ఆయన 4 ఇంచులదాంట్లో సెకనుకి 1230 అడుగుల చుట్టుపక్కల, నా 7.5లో 1380 చుట్టుపక్కల. తలా ఆరు గుండ్లు కాల్చి శాస్త్రం చెప్తున్నా అనుకున్నా పర్లేదు. ఆ నూటయాభై అడుగుల తేడా ఎలుగుబంటికి తెలియదు సామీ, నడుముకి మాత్రం కిలోన్నర తెలుస్తది. ముందు గురికీ వెనక గురికీ దూరం ఎక్కువుంటే గురి బాగా కుదురుతది, బరువుంటే కాల్చినప్పుడు గన్ వెనక్కి తన్నే తన్ను తగ్గుతది, అదీ నిజమే. జింకల వేటకి చెట్టు మీద కూర్చుని కాల్చేవాడివైతే పొడుగుదే కొను, కొన్ని రాష్ట్రాల్లో వేటకి బ్యారెల్ ఇంతకన్నా తక్కువ ఉండకూడదని రూలు కూడా ఉంది. నువ్వు అడిగింది నడిచేటప్పుడు ఒంటి మీద ఉండేదాని గురించి.

మరీ పొట్టిది అయితే ఇంకా మంచిది గదా అనబాక. 2.5 ఇంచులది, అలాస్కన్ అనే పేరుతోనే రూగర్ అమ్ముతది, కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజిలో ఒకరిది తీసుకుని కాల్చా. మందు సగం గొట్టం బయటే కాలినట్టు ముందు పెద్ద మంట, చెవులకి మఫ్లు పెట్టుకున్నా లక్ష్మీ బాంబు చెంప పక్కన పేలినట్టు ఉంది, పక్క లైన్లో అమ్మాయి సామాన్లు సర్దుకుని వెళ్లిపోయింది. రెండో గుండుకి నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. కళ్లు మూసుకుని కాల్చేదానికి గన్నెందుకు.

మా పెదనాన్న ఎస్సైగా చేశాడు, ఆ రోజుల్లో డిపార్ట్‌మెంట్ 38 రివాల్వర్, 5 ఇంచుల బ్యారెల్. సర్వీసు మొత్తంలో మనిషి మీద ఒక్కసారి కూడా కాల్చలేదు, రిటైరయ్యేటప్పటికి ఎడమ నడుము నొప్పి మాత్రం మిగిలింది. నేను ఈ ఎలుగుబంటి సంగతి చెప్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, బరువెంతరా అని. మిగతా చుట్టాలు మాత్రం గన్ పట్టుకున్న ఫోటో పంపమని ప్రాణం తీశారు, ఒకడైతే వచ్చేటప్పుడు ఒక్క బుల్లెట్ తీసుకురా అన్నా షోకేసులో పెట్టుకుంటా అన్నాడు. ఒరే నాయనా, బ్యాగు మూలలో మర్చిపోయిన ఒక్క తూటాకే ఎయిర్‌పోర్టుల్లో కేసులవుతున్నాయి. తమ్ముడూ నువ్వు కూడా రేంజికి తీసుకెళ్లిన బ్యాగు ఇండియా ట్రిప్పుకి వాడబాక.

ఇంకేం చెప్పాలి, ఆ. ప్రాక్టీసుకి 44 స్పెషల్ గుండ్లు కొను, 44 మాగ్నమ్ గన్లో అవి కూడా పడతాయి, తన్ను బాగా తక్కువ, చెయ్యి అలవాటు పడతది. ఛాతీ హోల్‌స్టర్‌కి డబ్బులు పెట్టు, గన్ రేటులో పిసినారితనం చేసినా దీంట్లో చేయబాక. బేర్ స్ప్రే, అదే ఎలుగుబంటి మీద కొట్టే కారం స్ప్రే, కూడా బెల్టుకి ఉండాలి, బ్యాగులో కాదు. పులిహోర తీసుకెళ్లబాక.

నా 7.5 ఆ నెలలోనే అమ్మేసి స్మిత్ అండ్ వెసన్ 629 కొన్నా, 4 ఇంచులది, కిలో రెండొందల గ్రాముల లోపే. ఇండియా తిరిగొచ్చేటప్పుడు అది పెద్దాయన కొనుక్కున్నాడు. ఆ పొడుగు హోల్‌స్టర్ మాత్రం ఎవరూ కొనలా, సామాన్లతో పాటు కందుకూరు వచ్చేసింది, మా ఆవిడ వంటింట్లో మేకుకి తగిలించి అందులో అప్పడాల కర్ర పెడతా ఉంది.