షాపువాళ్లను సరిదిద్దనివ్వకండి

ప్రశ్న: కె.ఆర్. మార్కెట్‌లో తీసిన చామంతి బుట్టల ఫొటోను హెక్స్ ఎడిటర్‌లో (ఫైలు లోపలి బైట్లను నేరుగా చూపి మార్చనిచ్చే ప్రోగ్రామ్) తెరిచి అక్కడక్కడా బైట్లు మార్చాను. పూలు ఆకుపచ్చ, గులాబీ పట్టీలుగా పక్కకు జారాయి. ఎంతో నచ్చింది. ప్రింట్ షాపులో ఆ జేపెగ్ తెరిస్తే బొమ్మే వేరేగా ఉంది. స్క్రీన్‌షాట్ ఇస్తే అంచులు అలికినట్టయ్యాయి, ఆకుపచ్చ చచ్చిపోయింది. జనవరిలో కుమార కృప రోడ్డు మీద జరిగే బొమ్మల సంత, చిత్ర సంతెలో పెట్టాలని ఆశ. ఎలా వేయించాలి?
– ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: షాపుకి ఆ జేపెగ్ ఇవ్వకండమ్మా. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా కోసి, ఒక్కో గడి సగటు రంగును అంతకుముందు గడితో ఉన్న తేడాగా రాసుకుంటుంది. అందుకే ఒక్క బైట్ కదిపినా అక్కణ్నుంచి కిందిదాకా రంగులు తప్పుతాయి. ఆ దెబ్బను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా సర్దుకుంటుంది. కొన్ని అసలు తెరవవు. మీకు నచ్చిన రూపం ఏ ప్రోగ్రామ్‌లో కనిపించిందో అందులోంచే టిఫ్‌గా, అంటే పిక్సెళ్లను ఉన్నవి ఉన్నట్టు దాచే ఫైలుగా, సేవ్ చేయండి. స్క్రీన్‌షాట్‌లో తెర మీదున్నన్ని పిక్సెళ్లే వస్తాయి.

నా పట్టుదలంతా పెద్దది చేసే దగ్గరే. మామూలుగా అయితే సాఫ్ట్‌వేర్ పక్కపక్క పిక్సెళ్లను కలిపి నునుపు చేస్తుంది. పెళ్లి ఫొటోకి అది మేలు, మీ బొమ్మకు కాదు. పిక్సెళ్లను కలపకుండా ఉన్నవాటినే రెట్టించే 'నియరెస్ట్ నైబర్' పద్ధతి పెట్టి పొడవు, వెడల్పు సరిగ్గా 4 రెట్లు పెంచండి. నాలుగున్నర అంటే కొన్ని గడులు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. 1200×1600 బొమ్మ 4800×6400 అవుతుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 16 అంగుళాల వెడల్పు, 21 పైచిలుకు ఎత్తు. షాపులో 'కొంచెం షార్ప్ చేద్దాం, నాయిస్ తీసేద్దాం' అంటారు, మంచి మనసుతోనే. కన్నడలోనో తెలుగులోనో గట్టిగా వద్దనండి. మెట్లు మెట్లుగా ఉన్న ఆ అంచులే మీ కుంచె గీతలు.

ఆకుపచ్చ సంగతి వేరు. తెర తనే వెలుగుతుంది, కాగితం పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది. అంతటి నియాన్ పచ్చ ఇంకుతో రాదు. వాళ్ల ప్రింటరుకూ కాగితానికీ సరిపడే ఐసీసీ ప్రొఫైల్ (వాటి మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తెచ్చుకుని, ఫొటోషాప్‌లోనో క్రితాలోనో సాఫ్ట్ ప్రూఫ్, అంటే అచ్చు ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా, చూస్తే ఎంత పోతుందో ముందే తెలుస్తుంది. ఇంకు పిగ్మెంట్‌దే కావాలి, డై ఇంకు ఎండకు త్వరగా వెలిసిపోతుంది. మ్యాట్ కాటన్ కాగితం చేతికి హాయిగా ఉంటుంది గానీ నలుపు, ముదురు రంగులు అందులో అణుగుతాయి. కుమార కృప రోడ్డు మీద జనవరి ఎండకు బరైటా కాగితం (బేరియం సల్ఫేట్ పూత ఉన్న ఫొటో కాగితం) మెరుస్తుంది, నిజమే. అయినా మీ పట్టీల కోసం నేనైతే బరైటానే తీసుకుంటాను.

పెద్దది వేయించే ముందు, ఆ ఆకుపచ్చ పట్టీ ఉన్న ముక్కను అదే కాగితం మీద, అసలు సైజులోనే ఒక ఎ4 వేయించండి. ఇంకు ఆరనిచ్చి, షాపు బయటికొచ్చి పగటి వెలుతురులో చూశాకే మిగతాదానికి డబ్బు కట్టండి.